గెలిచిన మర్నాడే ఊడిన ఉద్యోగం: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లు ఎందుకు వెళ్లిపోతారు?

2023 నవంబర్ 11, శనివారం. టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ జట్టు మిసిసిపీ స్టేట్ మీద 51-10తో గెలిచింది. మర్నాడు ఆదివారం ఆ జట్టు హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ను యూనివర్సిటీ ఉద్యోగంలోంచి తీసేసింది. ఆయన కాంట్రాక్ట్ 2031 దాకా ఉంది. మిగిలిన ఏళ్ల జీతం కింద యూనివర్సిటీ కట్టాల్సింది 7.6 కోట్ల డాలర్లకు పైనే. అందులో 1.9 కోట్లకు పైగా 60 రోజుల్లో ఇచ్చేయాలి, మిగతాది ఏడాదికి 72 లక్షల డాలర్ల చొప్పున 2031 వరకు ఇస్తూ ఉండాలి. ఈలోపు ఆయన ఇంకో చోట ఉద్యోగంలో చేరినా ఇందులో ఒక్క డాలర్ కూడా తగ్గదు.

కాలేజీ ఆటల పోటీలంటే ఏడాదికోసారి జరిగే ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్ అనుకునే మనకు ఈ అంకెలు నమ్మశక్యంగా ఉండవు. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద వ్యాపారం. ఇది మనకు తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. పై డివిజన్‌లో 2025 సీజన్‌కు 136 యూనివర్సిటీల జట్లున్నాయి. టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఆడే కైల్ ఫీల్డ్‌లో లక్షా రెండు వేల మందికి పైగా కూర్చోవచ్చు. మిషిగన్ స్టేడియంలో లక్షా ఏడు వేలకు పైగా సీట్లున్నాయి. ఎమ్మెస్‌కు వెళ్లిన తెలుగు పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే గమనించే విషయం ఒకటుంది. మ్యాచ్ ఉన్న శనివారం ఊళ్లో రోడ్లు, హోటళ్లు, పార్కింగ్ అన్నీ ఆ ఆట చుట్టూనే తిరుగుతాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో.

అలాంటి ఉద్యోగంలో కుదురుకున్నవాడు ఎందుకు వెళ్లిపోతాడని అడిగితే అభిమానులు చెప్పేది ఒకటే మాట: ఓడిపోతే తీసేస్తారు, గెలిస్తే ఇంకా పెద్ద చోటికి పోతాడు. అబద్ధం కాదు. కానీ ఫిషర్ గెలిచిన మర్నాడు ఎందుకు పోయాడో, అంత డబ్బు ఎందుకు దక్కిందో ఆ మాటతో తేలదు. చాలామంది కోచ్‌లు ఎప్పుడు, ఎలా వెళ్లిపోతారన్నది వాళ్లను తీసుకున్న రోజున, ఆ తర్వాత కాంట్రాక్ట్ పొడిగించిన రోజున యూనివర్సిటీ పడిన భయంలోనే సగం తేలిపోయి ఉంటుంది. ఇది కొన్ని కేసులు దగ్గరగా చూస్తే అర్థమవుతుంది.

ఫిషర్ కథే తీసుకుందాం. 2013 సీజన్‌లో ఫ్లోరిడా స్టేట్‌ను జాతీయ ఛాంపియన్‌గా నిలిపిన కోచ్ ఆయన. 2017 డిసెంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి తెచ్చుకుంది. ఆ మొత్తానికి పూర్తి గ్యారంటీ. అంటే మధ్యలో తీసేసినా మొత్తం కట్టాల్సిందే. ఆయన్ను పరిచయం చేసిన సభలో యూనివర్సిటీ వ్యవస్థ ఛాన్సలర్ ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు. జాతీయ ఛాంపియన్ అని చెక్కి, ఏడాది మాత్రం నింపకుండా ఖాళీ వదిలేసిన జ్ఞాపిక అది. 2020లో జట్టు 9-1తో, అంటే తొమ్మిది గెలుపులు, ఒక ఓటమితో ముగించింది. ఇంత మంచి కోచ్‌ను పక్క రాష్ట్రంలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్ఎస్‌యూ) ఎగరేసుకుపోతుందేమో అన్న మాటలు అప్పటికే వినిపిస్తున్నాయి. 2021లో కాంట్రాక్ట్‌ను 2031 దాకా పొడిగించారు, గ్యారంటీ అలాగే ఉంచారు. మరుసటి ఏడాది జట్టు 5-7. ఆ తర్వాతి ఏడాది నవంబర్‌లో ఆయన పని ముగిసింది.

2021లో ఆ సంతకం జరగకపోయి ఉంటే బయౌట్ అంటే తొలగింపు చెల్లింపు ఇందులో సగం కంటే తక్కువే అయ్యేది. ఆయన వెళ్లిపోతాడన్న భయంతో రాసిన కాగితం, ఆయన్ను పంపడానికి అయ్యే ఖర్చును రెండింతలకు పైగా పెంచింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో పదే పదే జరిగేది ఇదే. ఒక మంచి సీజన్ రాగానే కోచ్ ఏజెంట్ ఫోన్ చేస్తాడు. ఎక్కడో ఖాళీ వచ్చింది, మావాడి పేరు అక్కడ నలుగుతోంది అంటాడు. ఈ రంగంలో జిమ్మీ సెక్స్‌టన్ అనే ఏజెంట్‌ది పెద్ద పేరు. నిక్ సేబన్, ఫిషర్, లేన్ కిఫిన్, జేమ్స్ ఫ్రాంక్లిన్ లాంటివాళ్లంతా ఆయన క్లయింట్లే. ఒకే మనిషి ఇటు ఖాళీ ఉన్న యూనివర్సిటీతోనూ, అటు కోచ్‌ను నిలుపుకోవాలని ఆత్రపడే యూనివర్సిటీతోనూ మాట్లాడుతుంటే బేరం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. యూనివర్సిటీ క్రీడా విభాగాన్ని నడిపే అథ్లెటిక్ డైరెక్టర్ ఖర్చు పెట్టేది సొంత డబ్బు కాదు. కోచ్ వెళ్లిపోతే నింద మాత్రం తనకే. అందుకే సంతకం చేసేస్తాడు.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. 2004 డిసెంబర్‌లో నోటర్ డేమ్ యూనివర్సిటీ చార్లీ వైస్‌ను కోచ్‌గా తీసుకుంది. 2005లో తొలి సీజన్ సగంలో, నంబర్ వన్ జట్టు సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ)తో ఆఖరి క్షణాల దాకా పోరాడి ఓడిపోయిన కొన్నాళ్లకే ఆయనకు పదేళ్ల పొడిగింపు ఇచ్చేసింది. 2009లో తీసేసింది. ఆ తర్వాత 2015 చివరిదాకా ఆయనకు డబ్బు కడుతూనే ఉంది, మొత్తం 1.8 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో వైస్ కాన్సస్ యూనివర్సిటీలో హెడ్ కోచ్‌గా చేరి, 6-22 రికార్డుతో 2014లో అక్కడా ఉద్యోగం పోగొట్టుకుని, అక్కడి నుంచీ బయౌట్ అందుకున్నాడు.

వైస్‌కు ముందు ఆ కుర్చీలో ఉన్నది టైరోన్ విల్లింగ్‌హామ్. నోటర్ డేమ్‌లో ఏ ఆటలోనైనా హెడ్ కోచ్ అయిన తొలి నల్లజాతి వ్యక్తి. అక్కడ ఫుట్‌బాల్ కోచ్‌కు ఐదేళ్లు గడువివ్వడం ఆనవాయితీ. విల్లింగ్‌హామ్‌కు మూడేళ్లే ఇచ్చారు. మూడేళ్లలో ఆయన రికార్డు 21-15. అంటే వంద మ్యాచ్‌ల లెక్కన 58 గెలుపులు. ఐదేళ్లున్న వైస్ రికార్డు 35-27. వందకు 56. తక్కువ గెలిచినవాడికి ఎక్కువ సమయం, పదేళ్ల హామీ దక్కాయి. ఎక్కువ గెలిచినవాడికి తలుపు చూపించారు. ఫలితాలే కొలమానం అని చెప్పే ప్రతిచోటా ఈ రెండు రికార్డుల్నీ పక్కపక్కన పెట్టి చూపించాలనిపిస్తుంది. ఓపిక ఎవరి మీద పట్టాలి, ఎవరి మీద పట్టకూడదు అన్నది స్కోర్‌బోర్డ్ తేల్చదు. కోచ్‌లో తమలాంటి మనిషిని చూసుకునే దాతలు, ట్రస్టీలు తేలుస్తారు. విల్లింగ్‌హామ్‌ను తీసేసినప్పుడు అమెరికాలో చాలామందిని బాధపెట్టింది ఇదే. ఆ బాధ న్యాయమైనది.

తేదీలు చెప్పే నిజాలు

తొలగింపు ఎప్పుడు జరుగుతుందో గమనిస్తే ఆటకంటే లెక్కల పుస్తకం ఎక్కువ కనిపిస్తుంది. నెబ్రాస్కాలో స్కాట్ ఫ్రాస్ట్ ఉదాహరణ చూడండి. అక్కడే జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి 1997లో జట్టును జాతీయ టైటిల్ దాకా నడిపిన ఊరి బిడ్డ. 2018లో కోచ్‌గా తిరిగొచ్చాక మాత్రం జట్టు లేవలేదు. 2022 అక్టోబర్ 1 దాటితే ఆయన బయౌట్ 1.5 కోట్ల డాలర్ల నుంచి 75 లక్షలకు పడిపోతుందని కాంట్రాక్ట్‌లో రాసి ఉంది. మూడు వారాలు ఆగితే సగం డబ్బు మిగిలేది. ఆగలేదు. సెప్టెంబర్ 11నే తీసేశారు. ముందు రోజు జార్జియా సదరన్ అనే చిన్న జట్టు చేతిలో సొంత స్టేడియంలో ఓడిపోవడం అక్కడివాళ్లు తట్టుకోలేకపోయారు. మూడు వారాల కోపం ఖరీదు 75 లక్షల డాలర్లు.

అయితే కోపమొక్కటే కాదు, క్యాలెండర్ కూడా తోస్తుంది. హైస్కూల్ ఆటగాళ్లు యూనివర్సిటీతో సంతకం చేసే రోజు ఒకప్పుడు ఫిబ్రవరిలో ఉండేది. సీజన్ ముగిశాక కోచ్‌ను మార్చినా కొత్తవాడికి రెండు నెలల వ్యవధి దొరికేది. 2017లో డిసెంబర్ నడుమ ముందస్తు సంతకాల గడువు పెట్టారు, 2024లో దాన్ని డిసెంబర్ మొదటివారానికి జరిపారు. ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కూడా శీతాకాలంలోనే తెరుచుకుంటుంది. నవంబర్ ఆఖరుకు కొత్త కోచ్ పేరు ప్రకటించకపోతే వచ్చే ఏడాది జట్టే ఉండదన్న భయం. నవంబర్‌కు పేరు కావాలంటే అక్టోబర్‌లోనే వెతకాలి, అందుకు సెప్టెంబర్‌లోనే కుర్చీ ఖాళీ చేయించాలి.

2025 సీజన్‌లో ఇది పరాకాష్ఠకు చేరింది. ఒక్కో జట్టుకు 12 మ్యాచ్‌లుండే సీజన్‌లో మూడు మ్యాచ్‌లు అయ్యాయో లేదో సెప్టెంబర్ 14న యూసీఎల్ఏ, వర్జీనియా టెక్ తమ కోచ్‌లను ఒకే రోజు పంపించేశాయి. సెప్టెంబర్ 23న ఓక్లహోమా స్టేట్ మైక్ గండీని తీసేసింది. 2005 నుంచి అక్కడే ఉన్న మనిషి. ఆ వెంటనే ఆర్కన్సా. అక్టోబర్ 12న పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను, 19న ఫ్లోరిడా బిల్లీ నేపియర్‌ను, 26న ఎల్ఎస్‌యూ బ్రయాన్ కెల్లీని, నవంబర్ 2న ఆబర్న్ హ్యూ ఫ్రీజ్‌ను సాగనంపాయి. ఫ్రాంక్లిన్ విషయమైతే మరీ విచిత్రం. ఆ ఏడాది జనవరిలో ఆయన జట్టు జాతీయ సెమీఫైనల్ ఆడింది. ఆగస్టులో దేశంలో రెండో ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టింది. వరుసగా మూడు ఓటములు, అంతే. పెన్ స్టేట్‌లో ఆయన మొత్తం గెలుపులు 104, ఓటములు 45.

ఫ్రాంక్లిన్‌కు రావలసింది 4.9 కోట్ల డాలర్ల దాకా. కానీ ఆయన కాంట్రాక్ట్‌లో ఫిషర్‌కు లేని ఒక షరతు ఉంది. ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడి జీతం ఇందులోంచి తగ్గుతుంది. నెల తిరిగేసరికి వర్జీనియా టెక్ ఆయన్ను తీసుకుంది, పెన్ స్టేట్ కట్టాల్సింది 90 లక్షల డాలర్లకు తెగిపోయింది. ఫిషర్‌కు ఏడున్నర కోట్లు, ఫ్రాంక్లిన్‌కు తొంభై లక్షలు. ఇద్దరి ప్రతిభలో ఈ తేడా లేదు. కాంట్రాక్ట్‌లో ఒకచోట ఆ వాక్యం రాశారు, ఇంకోచోట రాయలేదు.

ఎల్ఎస్‌యూ సంగతి విడిగా చెప్పుకోవాలి. 2020 జనవరిలో 15-0తో జాతీయ టైటిల్ గెలిపించిన ఎడ్ ఓర్జరాన్‌ను, రెండేళ్లు నిండకుండానే సీజన్ చివర వెళ్లిపోవాలని 2021 అక్టోబర్‌లో ఒప్పించారు. ఆయనకు సుమారు 1.7 కోట్ల డాలర్లు. ఆయన స్థానంలో నోటర్ డేమ్ నుంచి బ్రయాన్ కెల్లీని పదేళ్లకు 9.5 కోట్లిచ్చి తెచ్చారు. నాలుగో సీజన్ మధ్యలో ఆయన్నూ పంపారు. సుమారు 5.4 కోట్ల బాకీ. తప్పు చేసినందుకు తీసేశామని చూపించి ఆ డబ్బు తగ్గించాలని యూనివర్సిటీ చూస్తోందంటూ కెల్లీ కోర్టుకెక్కాడు. చివరకు యూనివర్సిటీ కారణం లేకుండానే తొలగించామని ఒప్పుకుంది. ఈలోపు లూసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ మైకుల ముందుకొచ్చి, తర్వాతి కోచ్‌ను అథ్లెటిక్ డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్ ఎంచడని చెప్పేశారు. కొద్ది రోజులకే వుడ్‌వర్డ్ కూడా పోయాడు. 2017లో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో ఫిషర్‌కు ఆ గ్యారంటీ కాంట్రాక్ట్ ఇచ్చిన డైరెక్టర్ ఈ వుడ్‌వర్డే. మనుషులు ఊళ్లు మారారు, కాంట్రాక్ట్ రాసే పద్ధతి మాత్రం వాళ్ల వెంటే వచ్చింది.

ఈ డబ్బంతా ఎక్కడిది? టీవీ హక్కులు, టికెట్లు, ముఖ్యంగా బూస్టర్లు అని పిలిచే సంపన్న దాతలు. ఫిషర్ బయౌట్‌కు అథ్లెటిక్ విభాగం సొమ్ము, ఆ జట్టు దాతల సంస్థ సొమ్ము మాత్రమే వాడతామని టెక్సస్ ఏ అండ్ ఎమ్ చెప్పుకుంది. దాతల డబ్బే కదా, పన్ను కట్టేవారికేం నష్టం అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన అంత సులువుగా నిలవదు. చెక్కు రాసే దాత, కోచ్ విషయంలో ఓటు కూడా తనదే అనుకుంటాడు. అధ్యాపకులకో, లైబ్రరీకో అంత తొందరగా అంత డబ్బు సమకూరడం అరుదు. పెద్ద లీగుల బయట ఉన్న యూనివర్సిటీల్లో అథ్లెటిక్ ఖర్చులో గణనీయమైన వాటా విద్యార్థుల ఫీజుల నుంచే వస్తుంది. అలాంటి చోట చదివే మన పిల్లల ఫీజు రసీదులోనూ ఆ పద్దు ఉంటుంది, వాళ్లు ఒక్క మ్యాచ్ చూడకపోయినా.

ఇంత ఖర్చు పెట్టి కోచ్‌ను మారిస్తే జట్టు బాగుపడుతుందా? 2013లో ముగ్గురు రాజనీతి శాస్త్ర పరిశోధకులు 1997 నుంచి 2010 దాకా జరిగిన కోచ్ మార్పులను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. మరీ అట్టడుగున ఉన్న జట్లు కోచ్‌ను మార్చినా మార్చకపోయినా పెద్ద తేడా రాలేదు. మధ్యస్థంగా ఆడుతున్న జట్లు మార్చినప్పుడు, మార్చని సాటి జట్లకంటే తర్వాతి ఏళ్లలో వెనకబడ్డాయి. నెబ్రాస్కా 2003లో 9-3తో ఉన్న ఫ్రాంక్ సోలిచ్‌ను తీసేసి రెండు దశాబ్దాలుగా ఆ స్థాయిని వెతుక్కుంటూనే ఉంది. ఈ సంగతి అథ్లెటిక్ డైరెక్టర్లకు తెలియక కాదు. ఏమీ చేయకుండా కూర్చున్నాడన్న మాట పడడంకంటే ఏదో ఒకటి చేశాననిపించుకోవడం వాళ్లకు తేలిక.

తమంతట తాముగా

రెండోవైపు, తీసేయకుండానే వెళ్లిపోయే కోచ్‌లు. వీళ్ల మీద అభిమానుల కోపం ఇంకా ఎక్కువ. 2009లో ఒక్క సీజన్ టెన్నెసీలో ఉండి 2010 జనవరిలో లేన్ కిఫిన్ యూఎస్‌సీకి వెళ్లిపోయినప్పుడు నాక్స్‌విల్‌లో విద్యార్థులు రోడ్డెక్కి పరుపులు తగలబెట్టారు. అదే కిఫిన్‌ను 2013లో యూఎస్‌సీ, అరిజోనా స్టేట్ చేతిలో ఓడి తిరిగొచ్చిన అర్ధరాత్రి దాటాక, లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసింది. ఆ తర్వాత అంచెలంచెలుగా పైకొచ్చి ఓల్ మిస్ అని పిలిచే మిసిసిపీ యూనివర్సిటీని 2025లో 11-1 దాకా నడిపాడు. ఆ యూనివర్సిటీ చరిత్రలో తొలిసారి, దేశ ఛాంపియన్‌ను తేల్చే జాతీయ ప్లేఆఫ్‌కు చేరింది. సరిగ్గా అప్పుడు, నవంబర్ 30న, అదే లీగ్‌లో ప్రత్యర్థి అయిన ఎల్ఎస్‌యూకు ఏడాదికి సుమారు 1.3 కోట్ల డాలర్లకు వెళ్లిపోయాడు. ప్లేఆఫ్ అయ్యేదాకా ఉంటానన్నా ఓల్ మిస్ ఒప్పుకోలేదు. ఏడాదంతా ఆయన్ను నమ్మి ఆడిన కుర్రాళ్లు, జీవితంలో పెద్ద మ్యాచ్‌లకు ఆయన లేకుండానే దిగారు. తప్పు ఒక్క కిఫిన్‌దే అనలేం. ప్లేఆఫ్ డిసెంబర్, జనవరి నెలల్లో, కొత్త ఆటగాళ్ల సంతకాలు డిసెంబర్ మొదట్లో. ఎల్ఎస్‌యూ ఆగలేదు, ఓల్ మిస్ ప్రత్యర్థి కోచ్‌ను తన డ్రెస్సింగ్ రూమ్‌లో ఉంచుకోలేదు. క్యాలెండర్ ఇలా ఉన్నంతకాలం ఇలాంటి వీడ్కోళ్లు తప్పవు.

కోచ్ తనంతట తాను పోతే కట్టాల్సిన బయౌట్ కూడా ఉంటుంది. కానీ దాన్ని సాధారణంగా కొత్త యజమాని భరిస్తాడు కాబట్టి అది కోచ్‌ను ఆపదు. రిచ్ రోడ్రిగెజ్ 2007 డిసెంబర్‌లో సొంత రాష్ట్రం వెస్ట్ వర్జీనియాను వదిలి మిషిగన్ వెళ్లినప్పుడు 40 లక్షల డాలర్ల కోసం కేసు పడింది. చివరకు అందులో 25 లక్షలు మిషిగనే కట్టింది. అక్కడ మూడేళ్లలో 15-22తో ఉద్యోగం పోగొట్టుకున్న ఆయన్ను 2024 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియాయే మళ్లీ పిలిచింది.

పెద్ద కుర్చీ ఒకటి ఖాళీ అయితే కింద వరుసంతా కదులుతుంది. 2024 జనవరి 10న అలబామాలో నిక్ సేబన్ రిటైరయ్యాడు. రెండు రోజులకే అలబామా, వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి కేలన్ డీబోర్‌ను తీసుకుంది. వాషింగ్టన్ అప్పటికి నాలుగు రోజుల కిందటే జాతీయ ఫైనల్ ఆడిన జట్టు. వాషింగ్టన్ అరిజోనా కోచ్ జెడ్ ఫిష్‌ను తీసుకుంది, అరిజోనా శాన్ హోజే స్టేట్ కోచ్‌ను తీసుకుంది, శాన్ హోజే ఇంకెవరినో వెతుక్కుంది. జనవరి మధ్యలో, సెమిస్టర్ మొదలయ్యే వేళ, నాలుగు యూనివర్సిటీల్లో కొన్ని వందల మంది ఆటగాళ్లకు తమను రమ్మని పిలిచినవాడు లేకుండా పోయాడు.

సేబన్ ఎందుకు వెళ్లాడన్నదే పెద్ద చర్చ అయింది. 72 ఏళ్ల వయసు, ఏడు జాతీయ టైటిళ్లు. అలసట ఉంటుంది. ఆ ఏడాది మార్చిలో వాషింగ్టన్ డీసీలో కాంగ్రెస్ సభ్యుల ముందు మాట్లాడుతూ, తాను యాభై ఏళ్లు నమ్మిన కాలేజీ క్రీడా విలువలు ఇప్పుడు లేవన్నాడు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి ఒకసారి యూనివర్సిటీ మారినా ఏడాది కూర్చోవాల్సిన అవసరం లేకుండా పోయింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన కోర్టు సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే ఆటగాళ్లకు తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. కోచ్ పని మారిపోయింది. ఏడాదికొకసారి మొత్తం జట్టునూ మళ్లీ ఒప్పించాలి. దీన్ని తట్టుకోలేక చిన్న పదవికి దిగినవాళ్లూ ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో చిప్ కెల్లీ యూసీఎల్ఏ హెడ్ కోచ్ పదవి వదిలి ఒహాయో స్టేట్‌లో అసిస్టెంట్‌గా చేరాడు. దాదాపు అదే సమయంలో జెఫ్ హాఫ్లీ బోస్టన్ కాలేజీ హెడ్ కోచ్ పదవి వదిలి ప్రొఫెషనల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌లో డిఫెన్స్ కోచ్ అయ్యాడు.

కోచ్‌ల అలసట నిజమే. కానీ ఒక్క మాట చెప్పాలి. కోచ్‌లు దశాబ్దాలుగా ఏ రాత్రయినా లేచి వెళ్లిపోగలిగారు. 2004 సీజన్ తర్వాత ఎల్ఎస్‌యూను వదిలి ప్రొఫెషనల్ జట్టు మయామీ డాల్ఫిన్స్‌కు, 2006 డిసెంబర్‌లో అలబామాకు వెళ్లనని అందరి ముందూ చెప్పి రెండు వారాలకే అలబామాకు వెళ్లింది ఈ సేబనే. అప్పుడు ఆటగాడు మారాలంటే మాత్రం ఏడాది ఆట వదులుకోవాలి. ఇప్పుడు ఆటగాడికీ ఆ స్వేచ్ఛ కొంత వచ్చింది. సేబన్ రిటైరయ్యాక అలబామా నుంచి ఒహాయో స్టేట్‌కు మారిన కేలబ్ డౌన్స్, ఏడాది తిరిగేసరికి అక్కడ జాతీయ టైటిల్ గెలిచాడు. ఆ కుర్రాడిని విశ్వాసం లేనివాడు అనడానికి ఎవరికీ హక్కు లేదు.

ప్రొఫెషనల్ లీగ్ లాగేసుకునేవాళ్లలో ఇంకో రకం ఉంది, వెనక దర్యాప్తు తరుముతుండగా వెళ్లేవాళ్లు. 2010 జనవరిలో పీట్ క్యారల్ యూఎస్‌సీ వదిలి సియాటిల్ సీహాక్స్‌కు వెళ్లాడు. జూన్‌లో యూఎస్‌సీ మీద కాలేజీ క్రీడల పాలక సంస్థ ఎన్‌సీఏఏ భారీ శిక్షలు పడ్డాయి. జిమ్ హార్బా 2023 సీజన్‌లో రెండు విడతలుగా ఆరు మ్యాచ్‌లు సస్పెన్షన్‌లో ఉండి, మిషిగన్‌కు 15-0తో టైటిల్ తెచ్చి, 2024 జనవరిలో లాస్ ఏంజెలెస్ ఛార్జర్స్‌లో చేరాడు. శిక్ష అనుభవించేది వెనక మిగిలిన ఆటగాళ్లు. 2011లో ఒహాయో స్టేట్ నుంచి జిమ్ ట్రెసెల్ రాజీనామా చేయాల్సి వచ్చింది. తన ఆటగాళ్లు తమ జెర్సీలు, ట్రోఫీలు ఇచ్చి టాటూలు వేయించుకున్నారని తెలిసీ చెప్పలేదన్నది నేరం. అలా సొంత పేరు మీద సంపాదించుకోవడం ఈరోజు పూర్తిగా చట్టబద్ధం.

ఆరోగ్యం గురించి తక్కువే మాట్లాడతారు. మిన్నసోటాలో జెర్రీ కిల్ మూర్ఛ వ్యాధితో బాధపడుతూ, మ్యాచ్ జరుగుతుండగా మైదానం పక్కనే పడిపోయిన సందర్భాలున్నాయి. 2015 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో కన్నీళ్లతో తప్పుకున్నాడు. తెల్లవారకముందు ఆఫీసుకొచ్చి అక్కడే నిద్రపోవడాన్ని గొప్పగా చెప్పుకునే రంగంలో ఒంటిని కాపాడుకోవడానికి వెళ్లిపోవడం అరుదు, అది అరుదు కాకూడదు.

ఈ కారణాలన్నీ ఒకే ఊళ్లో చూడాలంటే వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు అంచున గోధుమ పొలాల మధ్య ఉన్న పుల్‌మన్‌కు వెళ్లాలి. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ అక్కడిది. 33 వేల మంది పట్టే చిన్న స్టేడియం. అక్కడ ఎనిమిదేళ్లు కోచ్‌గా ఉన్న మైక్ లీచ్, 2020 జనవరిలో మెరుగైన అవకాశం వచ్చి మిసిసిపీ స్టేట్‌కు వెళ్లాడు. 2022 డిసెంబర్‌లో 61 ఏళ్లకే, ఆ ఉద్యోగంలో ఉండగానే చనిపోయాడు. లీచ్ తర్వాత వచ్చిన నిక్ రోలోవిచ్, రాష్ట్ర ఉద్యోగులంతా కోవిడ్ టీకా వేయించుకోవాలన్న గవర్నర్ ఆదేశాన్ని పాటించనందుకు 2021 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో ఉద్యోగం కోల్పోయాడు. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ జీతం అందుకునే ప్రభుత్వ ఉద్యోగి అప్పుడు ఆయనే.

ఆయన స్థానంలోకి వచ్చిన జేక్ డికర్ట్ నిలదొక్కుకున్నాడు. అంతలో ఆ జట్టు ఆడే పసిఫిక్-12 లీగే కూలిపోయింది. టీవీ డబ్బు కోసం పది యూనివర్సిటీలు వేరే లీగులకు వెళ్లిపోతే, వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ రెండే మిగిలాయి. డబ్బు తగ్గింది. క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ మయామీ యూనివర్సిటీకి వెళ్లి, 2025లో ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికయ్యాడు. తర్వాతి క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్ ఓక్లహోమాకు వెళ్లాడు. అటాక్ కోచ్ అప్పటికే అక్కడికి చేరాడు. 2024లో 8-4తో రెగ్యులర్ సీజన్ ముగించిన డికర్ట్ డిసెంబర్‌లో వేక్ ఫారెస్ట్‌కు వెళ్లిపోయాడు. ఆయన ఓడినందుకు వెళ్లలేదు, గెలిచినా నిలబెట్టుకోలేని చోట ఉన్నందుకు వెళ్లాడు.

అప్పుడు సౌత్ డకోటా స్టేట్ నుంచి జిమ్మీ రాజర్స్ వచ్చాడు. ఆయన్ను నమ్మి ఆ చిన్న యూనివర్సిటీ ఆటగాళ్లు చాలామంది వెంట వచ్చారు. 2025 డిసెంబర్‌లో పెన్ స్టేట్, ఫ్రాంక్లిన్ స్థానంలోకి అయోవా స్టేట్ నుంచి మ్యాట్ క్యాంప్‌బెల్‌ను తీసుకుంది. ఖాళీ అయిన అయోవా స్టేట్ కుర్చీలోకి రాజర్స్ వెళ్లిపోయాడు. పుల్‌మన్‌లో ఆయన ఉన్నది ఒక్క సీజన్. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో పెన్ స్టేట్ వరుసగా ఓడిన మూడు మ్యాచ్‌ల ప్రభావం, పెన్సిల్వేనియాకు మూడు వేల కిలోమీటర్లకు పైగా అవతల, ఆ కోచ్ కోసం ఊరు మారిన కుర్రాళ్ల మీద పడింది. వాళ్లకు మళ్లీ అదే ప్రశ్న: ఇక్కడే ఉండి తెలియని కొత్త కోచ్ కోసం చూడాలా, పోర్టల్‌లో పేరు రాసి రెండో ఏడాది కూడా ఊరు మారాలా. కోచ్ కాంట్రాక్ట్‌లో ఆయనకు ఏజెంట్, లాయర్, బయౌట్ అన్నీ ఉన్నాయి. ఆ పిల్లల కాగితాల్లో మాత్రం, తమను పిలిచిన మనిషి వెళ్లిపోతే తమకేం దక్కాలో చెప్పే ఇలాంటి రక్షణలు లేవు.